కొండల మధ్య ఊరు, పల్లంలో మురుగు: వాగులోకి వదలాలా, ఊరి కిందే శుద్ధి చేయాలా?

కొండకిందోడు | సోమవారం రాత్రి 8:40

మాది కంభం వైపు, నల్లమలకీ వెలిగొండలకీ మధ్య లోయలో ఒక చిన్న ఊరు. మూడొందల గడప, పన్నెండొందల జనం. ఒకప్పుడు బోరింగు దగ్గర బిందెలతో కొట్లాడుకున్న ఊరే. ఇప్పుడు ఇంటింటికీ కుళాయి ఉంది, మరుగుదొడ్డి ఉంది, చాలా ఇళ్ళల్లో వాషింగ్ మెషిన్ కూడా వచ్చింది. వాడేసిన నీళ్ళు ఎటు పోవాలో మాత్రం ఎవరూ ఆలోచించలేదు. ఊరు ఏటవాలు మీద ఉంది కాబట్టి అవే దారి చూసుకుని పోతున్నాయి. పోయి పోయి రోడ్డు మలుపు దగ్గర గుంటలో నిలుస్తున్నాయి. పైన సబ్బు నురగ తెట్టు కట్టి, కింద నల్లటి బురద, అందులోంచి ఉండుండి బుడగలు. ఎంత ఎండలోనైనా గేదె కూడా అందులోకి దిగట్లేదు.

గ్రామసభలో మాటేమిటంటే, వీధులన్నిటికీ సిమెంటు కాలవ కట్టి, ఆ గుంటను దాటించి వాగులో కలిపేద్దామని. వాగు గుండ్లకమ్మలో కలుస్తుంది. గుండ్లకమ్మ నీళ్ళు కంభం చెరువుకి చేరతాయి. విజయనగర రాజుల కాలం నాటి చెరువు, 2020లో అంతర్జాతీయ సాగునీటి వారసత్వ కట్టడాల్లో చోటు దొరికిన చెరువు. మా ఒక్క ఊరి నీళ్ళతో అది పాడైపోతుందని నేననను. కానీ పైన మాలాంటి ఊళ్ళు ఎన్నున్నాయో లెక్కేసుకోండి.

ఇంకోటి కూడా చెప్పాలి. చాలా ఇళ్ళకి సెప్టిక్ ట్యాంకు ఉంది గానీ దాని వెనక ఇంకుడు గుంత లేదు. ట్యాంకు పైపు తెచ్చి వీధి కాలవలో పెట్టేశారు.

కరెంటు ఖర్చు లేకుండా, పంచాయతీకి అందుబాటులో ఉండే ఖర్చుతో ఊరి కిందే శుద్ధి చేసే పద్ధతి ఏదన్నా ఉందా? చేసినవాళ్ళు, చూసినవాళ్ళు చెప్పండి. అంచనాలు త్వరలో పంపాలంటున్నారు.

ఒంగోలు గిత్త | సోమవారం రాత్రి 8:58

అన్నా, ముందు కాలవ కట్టించుకోండి, శుద్ధి గిద్ధి తర్వాత చూసుకోవచ్చు. మా ఊళ్ళో ఇదా అదా అని వాదించుకుంటూ కూర్చుంటే వచ్చిన డబ్బులు కాస్తా వెనక్కి పోయినాయి. పెద్ద పెద్ద టౌన్ల మురుగే ఏళ్ళలో కలుస్తుంటే మీ మూడొందల గడప వల్ల ఏం మునిగిపోతుంది?

పల్లం ఇల్లు | సోమవారం రాత్రి 9:20

గిత్త గారూ, మునిగేది మేము.

మాది ఉదయగిరి వైపు కొండకింద ఊరు. ఇట్టాంటి కాలవే మా దగ్గరా కట్టారు. పై వీధులు అద్దంలా అయినాయి. కాలవ వచ్చి ఆగింది మా కాలనీ దగ్గర. అక్కణ్ణించి వాగు దాకా ఇంకో రెండొందల గజాలు కట్టాలి, ఆ బిట్టుకి డబ్బులు చాల్లేదన్నారు. ఇంకా చాల్లేదు. వాన వస్తే ఊరందరి నీళ్ళూ మా వాకిట్లో ఉంటాయి. కాలవ పొడుగు పెంచేకొద్దీ కంపు చివరివాళ్ళ వాటాకే వస్తుందని మీటింగుల్లో ఎవరూ అనరు. ఎందుకంటే ఆ మీటింగులు పై వీధిలోనే జరుగుతాయి.

కొండకిందోడు గారూ, ఆ గుంట పక్కన ఇళ్ళున్నాయా? ఉంటే ఎవరివి? ముందు అది చెప్పండి.

కొండకిందోడు | సోమవారం రాత్రి 9:31

ఉన్నాయండి. మా దగ్గరా కాలనీయే. ముప్ఫై ఇళ్ళ దాకా. వాళ్ళని ఇంతవరకూ ఎవరూ అడగలేదు, నిజమే.

పాత ఏఈ | సోమవారం రాత్రి 10:47

పంచాయతీల్లో నీళ్ళ పనులే చేసి రిటైరయినవాణ్ణి. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక అపోహ పోవాలి. సెప్టిక్ ట్యాంకు పెట్టుకుంటే శుద్ధి అయిపోయిందని అందరూ అనుకుంటారు. అందులో జరిగేది మడ్డి కిందికి దిగడం, తెట్టు పైకి తేలడం, మధ్యలో నీళ్ళు బయటికి పోవడం. మురుగులోని సేంద్రియ భారం ముప్ఫై నుంచి యాభై శాతం దాకా తగ్గుతుంది, అంతే. రోగక్రిములు దాదాపు అట్టాగే బయటికొస్తాయి. కాబట్టి ట్యాంకు పైపు కాలవలో పెట్టడమంటే పలచబరిచిన మలాన్ని వీధిలో పారించడమే. కంటికి తేటగా కనపడుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

ఇక లెక్క. జల్ జీవన్ మిషన్‌లో మనిషికి రోజుకి 55 లీటర్లు. అందులో ఎనభై శాతం మురుగై తిరిగొస్తుందని మేం వేసుకుంటాం. పన్నెండొందల మందికి రోజుకి 52,800 లీటర్లు. అయిదువేల లీటర్ల ట్యాంకర్లు పదిన్నర అనుకోండి. పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా ఒక్కసారిగా వస్తాయి, మధ్యాహ్నం తగ్గుతాయి, సాయంత్రం మళ్ళీ కొంచెం. ఈ ఎగుడుదిగుడు తట్టుకోగలిగేలా కట్టాలి.

కరెంటు లేకుండా నడిచే పద్ధతి ఉంది. మొదట రెండు గదుల తేర్చే తొట్టి. దాని తర్వాత అడ్డగోడల తొట్టి: వరసగా నాలుగైదు గదులుంటాయి, ప్రతి గదిలోకీ నీళ్ళు అడుగునుంచి దూరి, అక్కడ పేరుకున్న మడ్డిలోంచి పైకి లేచి పక్క గదిలోకి పోతాయి. ఆ మడ్డిలో ఉండే సూక్ష్మజీవులే పనిచేసేవి, వాటికి గాలి అక్కర్లేదు. మూడోది కంకర మడుగు: రెండడుగుల లోతు గుంటలో కంకర నింపి మెట్టతామరో జమ్ముగడ్డో నాటతారు. నీటిమట్టం కంకర పైభాగానికి నాలుగంగుళాలు కిందే ఉండాలి. పైకి నీళ్ళు కనపడవు కాబట్టి దోమకి గుడ్లు పెట్టే చోటు దొరకదు. చివర ఎండ బాగా తగిలే లోతు తక్కువ చెరువు ఒకటి. వీటిని కలిపి డీవాట్స్ అంటారు.

మీకున్న అదృష్టం ఆ ఏటవాలు. మైదానంలో అయితే ఇదే పనికి మోటారు కావాలి. మీ దగ్గర నీళ్ళు వాటంతటవే ఒక తొట్టిలోంచి ఇంకో తొట్టిలోకి దిగుతాయి.

స్థలం ఎంత కావాలంటే, మనలాంటి వేడి ప్రాంతాల్లో కంకర మడుగుకి మనిషికి ఒకటి రెండు చదరపు మీటర్లు వేసుకుంటారు. ఒకటి చొప్పున చూసినా మీకు దాదాపు ముప్ఫై సెంట్లు. ముందు తొట్లు సరిగ్గా కడితే ఇంకొంత తగ్గించవచ్చు.

డబ్బు సంగతి. 2020లో మొదలైన స్వచ్ఛ భారత్ గ్రామీణ్ రెండో దశ మార్గదర్శకాల్లో వాడేసిన నీళ్ళ పనులకి, అయిదువేల లోపు జనాభా ఉన్న ఊళ్ళకి మనిషికి 280 రూపాయల దాకా ఉండేది. మీకు లెక్కేస్తే 3,36,000. అందులో డెబ్బై శాతం ఆ పథకానిది, ముప్ఫై శాతం పదిహేనో ఆర్థిక సంఘం నిధుల్లోంచి పంచాయతీ పెట్టుకోవాల్సి ఉండేది. ఆర్థిక సంఘం డబ్బుల్లో పారిశుద్ధ్యానికి విడిగా కట్టేసిన వాటా ఎట్టాగూ ఉంటుంది. ఇప్పుడు ఏ పద్దు కింద ఎంత ఇస్తున్నారో సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంటుని అడగండి. ఊరంతటి నీళ్ళకీ పెద్ద ప్లాంటు కట్టడానికి ఇది చాలదు. అందుకే మొత్తం ఊరి నీళ్ళని అక్కడిదాకా తేవద్దంటున్నాను. స్నానం, వంట, బట్టల నీళ్ళు ఎవరి పెరట్లో వాళ్ళు వాడుకోగలిగితే ప్లాంటు సగానికి సగం చిన్నదవుతుంది.

నెల్లూరు పిల్లోడు | మంగళవారం పొద్దున 7:12

సార్, ఇంత తిప్పలెందుకు, కంటైనర్‌లో రెడీమేడ్ ఎస్టీపీలు, అంటే మురుగు శుద్ధి ప్లాంట్లు, వస్తున్నాయి కదా. లారీలో తెచ్చి దింపి కనెక్షన్ ఇస్తే అయిపోయె. ముప్ఫై సెంట్లు కూడా అక్కర్లేదు.

మూడో అంతస్తు | మంగళవారం పొద్దున 7:50

తమ్ముడూ, మా అపార్టుమెంట్లో ఉన్నది అదే. గాలి కొట్టే బ్లోయరు పగలూ రాత్రీ తిరగాలి. నాలుగైదు గంటలు ఆగితే లోపల గాలి పీల్చే సూక్ష్మజీవులు దెబ్బతింటాయి, మళ్ళీ దారికి రావడానికి రోజులు పడుతుంది. కరెంటు బిల్లు చూసి మా కమిటీ రాత్రిపూట ఆపేయమంది. అప్పట్నుంచి దానికి కంపు తప్ప పని లేదు. తనిఖీకి ఎవరన్నా వస్తున్నారంటే మాత్రం ముందురోజు నుంచి ఆన్‌లో ఉంటుంది. అరవై ఫ్లాట్లు మెయింటెనెన్స్ కట్టేచోటే ఈ కథ. వీధి లైట్ల బిల్లే బాకీ పెట్టుకునే పంచాయతీలో దాన్నెవరు తిప్పుతారు?

పలకరాయి | మంగళవారం మధ్యాహ్నం 1:05

భూగర్భ జలాల పనిలో ఉన్నాను. ఏఈ గారు చెప్పినదానికి ఒక హెచ్చరిక కలపాలి.

మార్కాపురం పలకలు చిన్నప్పుడు అందరం వాడినవే. ఆ పలక వచ్చే రాతిపొరకి భూగర్భ శాస్త్రంలో కంభం పేరే పెట్టారు. దాని గుణం పొరలు పొరలుగా చీలడం. నేలపైన రెండు మూడడుగుల మన్ను, ఆ కింద చీలికల రాయి. ఇట్టాంటి చోట ఇంకుడు గుంత తవ్వి అందులోకి సెప్టిక్ నీళ్ళు వదిలితే, మట్టిలో వడకట్టుకునే అవకాశం లేకుండా చీలికల వెంట జారిపోతాయి. మెత్తటి నేలల్లో మరుగుదొడ్డి గుంటకీ బావికీ పది మీటర్లుంటే చాలంటారు. చీలికల రాతిలో ఆ పది మీటర్ల మాట నమ్ముకోవద్దు. పైన ఇళ్ళు, కింద బోరు ఉంటే మరీ డేంజర్.

మన వైపు అందరికీ ఫ్లోరైడ్ అంటే తెలుసు, కనిగిరి, పొదిలి మాట ఎత్తితే చాలు. నైట్రేట్ గురించి ఎవరూ అడగరు. మూత్రంలోని నత్రజని చివరికి నైట్రేటై భూమిలోకి దిగుతుంది. తాగే నీళ్ళలో లీటరుకి 45 మిల్లీగ్రాములు దాటకూడదు. పసిపిల్లలకి పాలపొడి కలిపే నీళ్ళలో ఇది ఎక్కువైతే రక్తం ఆక్సిజన్ మోయలేకపోతుంది, ఒళ్ళు నీలంగా మారుతుంది. కాచినా పోదు. నీళ్ళు ఆవిరై మిగతావాటిలో అది ఇంకాస్త చిక్కబడుతుంది.

గ్రామంలోని బోర్లన్నిటి నీళ్ళూ ఒకసారి నైట్రేట్‌కీ, మలం కలిసిందని చూపించే ఈ-కోలి క్రిమికీ పరీక్ష చేయించి పెట్టుకోండి. పని మొదలుపెట్టకముందే చేయించాలి. తర్వాత తేడా చూపించడానికి మీ చేతిలో కాగితం ఉంటుంది.

కంకర మడుగు అడుగున మందపాటి ప్లాస్టిక్ షీటు గానీ, చెరువు బంకమట్టి బాగా తొక్కించి గానీ తప్పకుండా వేయండి. షీటు ఖర్చు తగ్గిద్దామని ఎవరో ఒకరు అంటారు. ఒప్పుకోవద్దు.

కొండకిందోడు | మంగళవారం సాయంత్రం 6:20

అయితే ఈమధ్య వేయిస్తున్న మ్యాజిక్ డ్రైన్లు, రాళ్ళూ కంకరా పేర్చి వీధి పక్కనే ఇంకేట్టు చేసేవి, మాకు పనికిరావా?

పాత ఏఈ | మంగళవారం సాయంత్రం 6:55

గిన్నెలు తోమిన నీళ్ళకీ, స్నానాల నీళ్ళకీ అయితే మన్ను మందంగా ఉన్న వీధుల్లో పనికొస్తాయి. ఒక్క సెప్టిక్ పైపు కూడా అందులో కలవకూడదు. కలిస్తే పలకరాయి గారు చెప్పిన గొడవంతా మీ బోర్ల మీదికి వస్తుంది. మన్ను ఎంతుందో తెలియాలంటే మూడడుగుల గుంట తవ్వి బిందెడు నీళ్ళు పోసి చూడండి. గంటలో ఇంకిపోతే సరే. సాయంత్రానికి కూడా అట్టాగే ఉంటే ఆ వీధికి పైపే దిక్కు.

పైపు అంటే భయపడొద్దు. ఇంటింటికీ సెప్టిక్ ట్యాంకు ఉంది కాబట్టి గట్టి పదార్థం అక్కడే ఆగిపోతుంది. బయటికొచ్చే నీళ్ళకి పట్నాల్లోలా పెద్ద పైపులు, మనిషి దిగే మ్యాన్‌హోళ్ళు అక్కర్లేదు. నాలుగంగుళాల పీవీసీ పైపు, మలుపుల దగ్గర చిన్న ఛాంబర్లు చాలు. లోతుగా తవ్వాల్సిన పని కూడా తక్కువ. రాతినేలలో అదే పెద్ద ఆదా.

ఒంగోలు గిత్త | మంగళవారం రాత్రి 8:15

అన్నీ బాగానే ఉన్నాయి. సెప్టిక్ ట్యాంకు ఎవరు తోడిస్తున్నారు మన ఊళ్ళల్లో? కట్టినప్పుడు మూత వేసి పైన బండ పరిచి, ఆ బండ మీద తులసికోట పెట్టినవాళ్ళు కూడా ఉన్నారు. మడ్డి నిండితే మీ నాలుగంగుళాల పైపు నెలకోసారి పూడుతుంది.

ట్యాంకరు బండి | మంగళవారం రాత్రి 9:02

గిత్తన్న చెప్పింది కరెక్టు. నేను ఆ బండే తోలతా. జనం ఎప్పుడు ఫోన్ చేస్తారంటే దొడ్లో నీళ్ళు వెనక్కి తన్నినప్పుడు. మేం పోయేసరికి లోపల నీళ్ళుండవు, గట్టిపడిన మడ్డే. పైపు లాగదు. అప్పుడు నీళ్ళు కొట్టి, కర్రతో కలిపి లాగాలి. రెండు మూడేళ్ళకోసారి తోడించుకుంటే అరగంట పని. పదేళ్ళకోసారి అంటే పూట పడుతుంది, డబ్బులు కూడా ఎక్కువే అడుగుతాం.

ఒక ఇంటాయన, "బండి ఖర్చు ఎందుకు, మనిషిని దింపి ఎత్తించు, ఓ రెండు వేలు ఎక్కువ తీసుకో" అన్నాడు. నేను దిగను, ఇంకొకర్ని దింపను. అందులో గాలి ఎట్టా ఉంటదో నాకు తెలుసు. కుళ్ళిన గుడ్డు కంపు కాసేపటికి ముక్కుకి తెలియకుండా పోతుంది. కంపు పోయింది గదా అనుకుంటే మనిషి పోతాడు.

మరి తోడింది ఎక్కడ పోస్తావని అడుగుతారు, నేనే చెప్తున్నా. ఎండాకాలం రైతులే పిలిచి చేలో పోయించుకుంటారు. వానాకాలం చేలల్లోకి బండి దిగదు. అప్పుడు కొందరు వాగు పక్కన వదిలేస్తారు. పోయడానికి ఒక చోటు చూపిస్తే వాగు దగ్గరికి ఎవరం పోం. ఇంతవరకూ ఏ ఊళ్ళోనూ చూపించలేదు.

పాత ఏఈ | మంగళవారం రాత్రి 9:40

ఈ చర్చలో అన్నిటికన్నా పనికొచ్చే మాట ట్యాంకరు బండి గారిదే.

మనిషిని దింపడం గురించి చట్టం కూడా స్పష్టంగానే ఉంది. 2013 చట్టం ప్రకారం రక్షణ పరికరాలు లేకుండా సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దింపడం నేరం, దింపించిన ఇంటి యజమానికి కూడా వర్తిస్తుంది. ఇట్టాంటి చావులకి నష్టపరిహారాన్ని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు పది లక్షల నుంచి ముప్ఫై లక్షలకి పెంచింది.

పచ్చి మడ్డి నేరుగా చేలో పోస్తే నులిపురుగుల గుడ్లు నెలల తరబడి బతికే ఉంటాయి. చెప్పుల్లేకుండా చేలో తిరిగేవాళ్ళకి, ఆకుకూరలు తినేవాళ్ళకి ప్రమాదం. ఊరికి దూరంగా, వాగుకి ఎత్తులో, నాలుగు ఇసుక మళ్ళు కట్టండి. అడుగున కంకర, పైన ఇసుక. మడ్డి పోస్తే నీళ్ళు కిందికి దిగి ప్లాంటుకి పోతాయి, పైన ఎండిన పెచ్చు మిగులుతుంది. దాన్ని ఎత్తి కుప్ప వేసి ఏడాది పక్కన పెట్టి తర్వాత ఎరువుగా వాడుకోవచ్చు. కర్ణాటకలో దేవనహళ్ళి అనే చిన్న పట్టణం 2015 నుంచి మడ్డి కోసమే విడిగా కేంద్రం నడుపుతోంది. ఒక్క ఊరికి అంత అక్కర్లేదు, మండలానికి ఒకటుంటే ట్యాంకర్లన్నీ అక్కడికే పోతాయి.

మంచుకొండ | బుధవారం పొద్దున 6:30

ఉద్యోగరీత్యా కొంతకాలం లేహ్‌లో ఉన్నాను. కొండల మధ్య ఊరు అనేసరికి అదే గుర్తొచ్చింది. మూడున్నర వేల మీటర్ల ఎత్తు, చలికాలం రాత్రి సున్నాకి ఇరవై డిగ్రీలు కిందికి పోయే చోటు. పైపులో నీళ్ళు గడ్డకడతాయి, తొట్టిలో సూక్ష్మజీవులు పని మానేస్తాయి. అందుకే పాతకాలపు ఇళ్ళల్లో అసలు నీళ్ళు వాడని మరుగుదొడ్డి. పై అంతస్తులో చిన్న కన్నం, పని కాగానే ఒక పార మన్ను వేస్తారు. కింది గదిలో ఏడాదంతా మాగిన దాన్ని వసంతంలో బార్లీ చేలకి తోలతారు. టూరిస్టులు పెరిగి హోటళ్ళు ఫ్లష్ దొడ్లు పెట్టాక, వాటి గుంటల్లోంచి భూగర్భ జలం పాడవడం మొదలైంది. 2017లో మడ్డి శుద్ధికి మళ్ళు కట్టారు.

వాళ్ళ పద్ధతి మనకి నప్పదు, నీళ్ళు లేకపోతే మనవాళ్ళు దొడ్డికే పోరు. కానీ అక్కడ ఏడాదిలో సగం రోజులు చలి ఆపేసే పనిని మన దగ్గర ఎండ ఊరికే చేసిపెడుతుంది. నలభై డిగ్రీల ఎండని తిట్టుకోవడమే గానీ దానితో పని చేయించుకోవడం మనకి రాలేదు.

బడి పంతులమ్మ | బుధవారం రాత్రి 7:45

మా బడిలో మధ్యాహ్న భోజనం గిన్నెలు కడిగిన నీళ్ళ కథ చెప్తాను. ఇంకుడు గుంత తవ్వించారు, నాలుగు నెలలకే నిండి పైకి పొర్లింది. తవ్వి చూస్తే కంకర రాళ్ళకి నూనె జిడ్డు, మధ్యలో అన్నం మెతుకులు, పప్పు. రాయికి రాయి అతుక్కుపోయింది. ఆ తర్వాత గుంటకి ముందు ఒక చిన్న సిమెంటు తొట్టి కట్టించాం, దాని నోటికి ఇనప జల్లెడ. జల్లెడలో పడిన మెతుకులు రోజూ తీసి కోళ్ళకి వేస్తారు, తొట్టిలో తేలిన జిడ్డు శనివారం శనివారం తీసేస్తారు. ఇప్పుడు ఆ నీళ్ళతో ఆరు అరటిచెట్లు ఉన్నాయి, గెలలు వేశాయి కూడా. పెరట్లో చేసుకునేవాళ్ళు ఆ తొట్టి మాత్రం మానుకోవద్దు.

ఇంకోటి దోమలు. మంచినీళ్ళ తొట్టిలో పుట్టేది డెంగీ దోమ. మురుగులో పుట్టేది బోదకాలు అంటించే క్యూలెక్స్. సెప్టిక్ ట్యాంకు గాలిగొట్టం చివర నైలాన్ దోమతెర ముక్క చుట్టి తీగతో బిగించండి. పది రూపాయల పని. మా వీధిలో పిల్లల చేత కట్టించాను, సాయంత్రం దోమలు తగ్గాయని పెద్దవాళ్ళే అంటున్నారు.

నిర్వాహకుడు | బుధవారం రాత్రి 10:10

ఏ పార్టీ హయాంలో ఎన్ని కాలవలు కట్టారనే మీద వచ్చిన అయిదు సందేశాలు తీసేశాం. వెలిగొండ టన్నెల్ గురించి వేరే చర్చ ఉంది, అక్కడ కొట్టుకోండి.

పల్లం ఇల్లు | గురువారం పొద్దున 8:05

ప్లాంటు ఎక్కడ కడతారు మరి? ఊరి కింద పోరంబోకు అంటే మళ్ళీ కాలనీ పక్కనే గదా. మురుగు గుంట తీసేసి దానికి సిమెంటు కట్టి ప్లాంటు అని బోర్డు పెడితే మాకేం ఒరిగింది? పాడైన రోజు కంపు ఎవరికి?

ఇది వద్దని కాదు. అడిగి కట్టండి. దాన్ని చూసుకునే మనిషిని కాలనీ నుంచే పెట్టినా, జీతం పంచాయతీ మస్టర్లో ఎక్కాలి, గ్లవ్స్, బూట్లు ఇవ్వాలి. ఊరి మురుగు ఎత్తే పని మావాళ్ళకి వంశపారంపర్యంగా కట్టబెట్టినట్టు కాకూడదు. పై వీధివాళ్ళు కూడా వంతులు పడతారా అని ఒకసారి గ్రామసభలో అడిగి చూడండి, సమాధానం ఎట్టా వస్తుందో.

కొండకిందోడు | గురువారం రాత్రి 9:15

మీ మాటల మీదే నిన్న సాయంత్రం సర్పంచి గారినీ, కాలనీ పెద్దలనీ ఒకచోట కూర్చోబెట్టాం. వేడివేడిగానే జరిగింది. కాలనీ ఆడవాళ్ళు ఒకటే మాటన్నారు: ప్లాంటు రోడ్డుకి అవతల, వాగు వైపు కట్టండి, ఇవతల అయితే ఒప్పుకోం. అవతల నలభై సెంట్ల పోరంబోకు ఉంది. కాకపోతే వాగు పొంగితే అక్కడిదాకా వస్తుంది. 2023 డిసెంబరు మిచాంగ్ తుఫాను నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో కంపచెట్ల మొదళ్ళలో చెత్త ఇరుక్కుని గుర్తుంది. ఆ గుర్తుకి పైన ఎంత జాగా మిగులుతుందో కొలవాలి.

మేస్త్రి నీళ్ళగొట్టంతో లెవెలు చూశాడు. రోడ్డు నుంచి అక్కడికి ఆరడుగుల వాలు ఉంది.

పాత ఏఈ | గురువారం రాత్రి 9:50

ఆరడుగులు దండిగా సరిపోతుంది. వరద గుర్తుకి కనీసం రెండడుగులు పైనే తొట్ల మూతలు ఉండేట్టు చూసుకోండి. కొండ మీంచి వచ్చే వాననీళ్ళు ఒక్క చుక్క కూడా ఈ పైపులో కలవకూడదు. ఒక్క తుఫాను చాలు, కొండ ఇసుకంతా కంకర మడుగులో పోసి పోతుంది. మీ సిమెంటు కాలవ డబ్బులు వాననీళ్ళ కోసం ఖర్చుపెట్టండి, అది నేరుగా వాగులోకి పోతే నష్టం లేదు. గిత్త గారి కాలవ కోరిక కూడా తీరుతుంది.

చూసుకునే పని ఎంత ఉంటుందో చెప్తాను, పల్లం ఇల్లు గారు అడిగారు కాబట్టి. వారానికి రెండుసార్లు జల్లెడ శుభ్రం. నెలకోసారి ఛాంబర్ల మూతలు తీసి చూడటం. ఆర్నెల్లకోసారి మెట్టతామర కోసి దుబ్బులు పలచన చేయడం. తొట్టి మడ్డి రెండేళ్ళకోసారి ట్యాంకరుతో తోడించడం, చేత్తో కాదు. కంకర మడుగు నీళ్ళు దూరే వైపే ముందు పూడుతుంది. అక్కడ పైన నీళ్ళు కనపడటం మొదలైతే ఆ మూల రెండు మీటర్ల కంకర తీసి, కడిగి, మళ్ళీ వేయాలి. ఈ పనికి ఏడాదికింత అని పంచాయతీ బడ్జెట్లో మొదటి సంవత్సరమే పద్దు రాయించండి. ప్రారంభోత్సవం రోజు అందరూ ఉంటారు, మూడో ఏడు కంకర కడిగేరోజు ఎవరూ ఉండరు.

బయటికొచ్చే నీళ్ళు ఏడాదికి రెండుసార్లు ల్యాబులో చూపించండి. వాగులో వదలాలంటే బీఓడీ, అంటే నీళ్ళలో మిగిలిన సేంద్రియ భారం కొలత, లీటరుకి 30 మిల్లీగ్రాములు దాటకూడదు, చేలకి పెట్టాలంటే వంద దాకా ఫర్వాలేదు. అందుకే నేను చేలకే పెట్టమంటాను.

ట్యాంకరు బండి | గురువారం రాత్రి 10:20

ఆ ఇసుక మళ్ళు కూడా కడితే చుట్టుపక్కల అయిదారు ఊళ్ళ బండ్లు అక్కడికే వస్తాయి. బండికింత అని పంచాయతీకి కడతాం. చేలో పోసినందుకు రైతు దగ్గర తీసుకునేదానికన్నా తక్కువే మిగులుతుంది గానీ వానాకాలం టెన్షన్ ఉండదు.

ఒంగోలు గిత్త | శుక్రవారం పొద్దున 7:30

చేలకి పెట్టాలంటున్నారు, ఎవరి చేలకి? రోజుకి యాభై వేల లీటర్లు ఎండాకాలంలో కూడా వస్తాయంటే కొట్టుకు చస్తారు. చెరువులో చేపలకి పాట పెట్టినట్టు ఏడాదికోసారి నీళ్ళకి పాట పెట్టండి. ఆ డబ్బుతోనే కంకర కడిగించుకోవచ్చు. పాటకి ఎవరూ రాకపోతే నాకు ఫోన్ చేయండి, మా బావమరిదికి అక్కడే రెండెకరాలుంది, గేదెలకి గడ్డి వేస్తాడు.

అవునూ, ఆ మెట్టతామర గేదెలు తింటాయా?

పాత ఏఈ | శుక్రవారం పొద్దున 8:10

దాన్ని మేతకి పెట్టొద్దు, కోసి కంపోస్టులో వేయండి. మీ బావమరిదిని చివరి చెరువు నీళ్ళతో సూపర్ నేపియర్ గడ్డి వేయమనండి. కాలవల్లో పారించాలి, పైన చల్లకూడదు. కోతకి రెండు వారాల ముందు ఆ మడికి ఈ నీళ్ళు ఆపేయాలి. ఆకుకూరలకీ, పచ్చిగా తినే టమాటాకీ, దోసకీ మాత్రం ఎవరు ఎంత పాట పాడినా ఇవ్వొద్దని షరతు కాగితంలోనే రాయించండి.